అవ్వకు వద్దన్న వెన్న

అక్కమ్మవ్వ సంగటి ముద్ద మధ్యలో వేలితో గుంట చేసింది. అందులో వెన్న పెట్టుకోబోయేసరికి మనవరాలు రంజిత వెన్నగిన్నె లాగేసింది.

"వద్దవ్వా! కొవ్వు తింటే జబ్బులొస్తాయని స్కూల్లో మేడం చెప్పింది."

"ఏమ్మే, కొవ్వు లేకుంటే డెయిరీలో పాలే తీసుకోరు. ఆవుకి ఉండొచ్చు, నాకు ఉండకూడదా?"

అమ్మ వనజమ్మ నవ్వింది. రంజిత నవ్వలేదు. పొద్దుగూకితే అవ్వకు చూపు ఆనడం లేదు. ఒంట్లో విటమిన్ ఎ తక్కువైందని, మునగాకు, క్యారెట్ బాగా తినమని డాక్టరమ్మ చెప్పింది. అవ్వ తిండి సంగతి తానే చూసుకుంటానంది రంజిత. అవ్వ వంతు మునగాకుకు తాళింపు కూడా వేయనివ్వలేదు.

అవ్వ ఆ ఉడికించిన ఆకుతోనే సంగటి మింగేది. మనవరాలి మాట కాదనేది కాదు.

నెల దాటింది. చూపు బాగుపడలేదు. ఒక సాయంత్రం దూడను కట్టేయబోయి, పాల క్యాను కనబడక తట్టుకుని పడింది. కుడి మణికట్టు విరిగింది.

ఆస్పత్రిలో కట్టు కట్టించాక డాక్టరమ్మ అడిగింది.

"ఆకుకూర తింటాండారా అవ్వా?"

"దినామూ తింటాండానమ్మా."

"అందులో నూనో నెయ్యో?"

అవ్వ రంజిత వైపు చూడలేదు. "నాకే సయించలే. మానేసినా."

"ఎక్కువ వద్దు గానీ, ఒక స్పూనన్నా కావాల. ఆకులోని విటమిన్ ఎ కొవ్వుతో కలిస్తేనే ఒంటికి బాగా పడతాది. లేకుంటే చానా మటుకు ఊరికే పోతాది."

రంజిత గోడవైపు తిరిగింది. రోజూ బజ్జీలు, చిప్స్ తినొద్దని మేడం చెప్పింది. దాన్ని అవ్వ వెన్న మీదికి తెచ్చింది తనే.

ఊరికి తిరిగొచ్చే మండికల్ బస్సులో కుదుపు వచ్చినప్పుడల్లా అవ్వ పళ్లు బిగపట్టింది.

"నొప్పా అవ్వా?"

"యాడ నొప్పి! ఏం లేదులే."

ఇంటికొచ్చాక రంజిత కంచం తెచ్చుకుని అవ్వ ఎదురుగా కూర్చుంది. మునగాకులో వెన్న వేసి, సంగటితో కలిపింది. అవ్వ మొహం పక్కకు తిప్పుకుంది.

"వద్దులేమ్మా. నాకేమన్నా అయితాదని మళ్లీ నువ్వు బెంగ పెట్టుకుంటావు."

"డాక్టరమ్మతో నా పేరెందుకు చెప్పలేదవ్వా?"

"నా కోసం చేసినావు. నలుగుర్లో నిన్ను మాట అనిపిస్తానా?"

రంజిత ముద్దను అవ్వ నోటి దగ్గరికి తెచ్చింది. "నాకు తెలీక చెప్పినానవ్వా. తిను" అంది.

అవ్వ నోరు తెరిచింది.

బయట మసక పడుతోంది. అవ్వ ఎడమ చేయి నేల మీద నీళ్ల గ్లాసు కోసం తడుముతోంది. గ్లాసు రంజిత పక్కన ఉంది. రంజిత దాన్ని ఆ చేతికి అందించి, అవ్వ తాగేదాకా ఆగి, ఇంకో ముద్ద కలిపింది.