చప్పిడి రొట్టెలు

మధ్యాహ్నం భోజనానికి బడి వదలగానే గిజ్లాన్ రొట్టెల బట్టీ వైపు నడిచింది. పొద్దున అమ్మ చేసి పంపిన పిండి ముద్దలు ఈపాటికి రొట్టెలై ఉంటాయి. మొరాకోలోని తెతువాన్ ఊళ్లో ఆ వీధి వాళ్లందరి రొట్టెలూ అక్కడే కాలుతాయి. అపెండిక్స్ ఆపరేషన్ అయ్యాక గిజ్లాన్ ఈ పనికి రావడం ఇదే మొదలు.

ఎదురింటి ఇక్రామ్ వెంట వచ్చింది. "వచ్చేటప్పుడు రొట్టెల పళ్లెం నేను పట్టుకోనా?"

"ఎందుకు? నేనేం రోగినా? నువ్వు పో."

ఇక్రామ్ మొహం చిన్నబుచ్చుకుని వెళ్లిపోయింది.

నిజానికి గిజ్లాన్‌కి పొద్దుటి నుంచీ తల బరువుగా ఉంది. క్లాసులో ఒకే లెక్కను నాలుగుసార్లు చదివినా బుర్రకెక్కలేదు. "అలసటగా ఉందా?" అని టీచర్ అడిగితే, "లేదు టీచర్" అంది. ఉందంటే మళ్లీ ఇంట్లో పడుకోబెడతారని భయం.

బట్టీ దగ్గర ఒకటే రద్దీ. "మీవేవో చూసి తీసుకోమ్మా" అన్నాడు బట్టీ నడిపే అలాల్. ప్రతి ఇంటి రొట్టెకీ ఒక గుర్తు ఉంటుంది. గిజ్లాన్ వాళ్లది మూడు వరసల ఫోర్కు గాట్లు. ఆమె గాట్లు చూసింది కానీ వరసలు లెక్కపెట్టలేదు. చేతికందిన పళ్లెం ఎత్తుకుని ఇంటికొచ్చింది.

భోజనం దగ్గర మొదటి ముక్క నోట్లో పెట్టుకోగానే అమ్మ ఆగిపోయింది.

"ఉప్పు లేదే. ఇవి జమీలా పిన్ని వాళ్లవి. బాబాయికి బీపీ అని చప్పిడివి చేస్తుంది కదా. మరి మనవి వాళ్లింటికి చేరాయా ఏమిటి?"

అమ్మ లేచేలోపే గిజ్లాన్ పళ్లెం తీసుకుని బయటికి పరిగెత్తింది. సందు మెట్లు సగం ఎక్కేసరికి కుట్ల దగ్గర కలుక్కుమంది. మెట్టు మీద కూలబడిపోయింది. తమ గుమ్మంలోంచి ఇక్రామ్ ఇటే చూస్తోంది.

గిజ్లాన్ చెయ్యి ఊపి పిలిచింది. "ఇక్రామ్, నాకు ఓపిక లేదు. ఇవి జమీలా పిన్నికి ఇచ్చేయవా? వాళ్ల దగ్గరున్నవి ఉప్పువి. బాబాయిని తినొద్దని చెప్పు."

ఇక్రామ్ దగ్గరికొచ్చింది. పళ్లెం అందుకుని పరుగు తీసింది.

గిజ్లాన్ మెల్లగా అక్కడికి చేరేసరికి, చేతిలో ఖాళీ సాసరుతో బాబాయి దిగులుగా కూర్చుని ఉన్నాడు.

"ఈ ఇక్రామ్ ఇంకాస్త ఆలస్యంగా రాకూడదూ. రెండేళ్లకి ఒక్క ముక్క రుచిగా తిన్నాను."

"ఆ ఒక్కటీ చాల్లెండి" అంది జమీలా పిన్ని.

గిజ్లాన్ కళ్లు నిండాయి. "తప్పు నాదే పిన్నీ. బాగా అలసిపోయాను. చెబితే ఇంట్లో ఉంచేస్తారని చెప్పలేదు. సరిగ్గా చూడకుండా తెచ్చేశాను."

పిన్ని ఆమెను పక్కన కూర్చోబెట్టుకుంది. "నాకు కాన్పు ఆపరేషన్ అయినప్పుడు అలసటలో టీలో పంచదారకి బదులు సబ్బుపొడి వేయబోయాను. మీ అమ్మే నా చెయ్యి పట్టుకుని ఆపింది. నేను తేరుకునేదాకా నా వంట కూడా తనే చేసింది. మీ అమ్మ మేలు నేను మరచిపోను తల్లీ."

గిజ్లాన్ ఇక్రామ్ వైపు తిరిగింది. "నువ్వు లేకపోతే ఏమయ్యేదో. ఇందాక నీతో అలా అనకుండా ఉండాల్సింది."

"అవును, ఉండాల్సింది" అంది ఇక్రామ్. తర్వాత నవ్వేసింది.

మర్నాడు ఇద్దరూ కలిసే బట్టీకి వెళ్లారు. గుర్తులు ఇద్దరూ చూశారు. తిరిగొస్తుంటే మెట్ల దగ్గర గిజ్లాన్ ఆగింది.

"కాసేపు కూర్చుందాం ఇక్రామ్. నాకు అలసటగా ఉంది."

ఇక్రామ్ మెట్టు మీద కూర్చుని, పళ్లెం ఒళ్లో పెట్టుకుని పక్కకి జరిగింది. గిజ్లాన్ వేడి రొట్టె అంచు తుంచి, మొదటి ముక్క ఆమెకి ఇచ్చింది.