కదలకూడని బిందువు

తవిటయ్య జీపీఎస్ కర్రను సమాధి మీది ఇసుకలో దిగ్గొట్టి, ఉపగ్రహాలు కుదురుకునేదాకా ఆగాడు. కర్ర తలమీద పచ్చదీపం వెలిగాక చింతగింజంత గుళికను దాని గొట్టంలోంచి కిందికి జారవిడిచాడు. గుళిక మేల్కొంది. సూరాడ ఎర్రయ్య అనే మనిషి అక్షాంశంతో రేఖాంశంతో సహా వంశజాలంలో చేరిపోయాడు. ఇకమీదట ఆయన మునిమనవలు ఏ మూలనున్నా తాత ఎక్కడున్నాడో చూసుకోవచ్చు. చూసుకుని వచ్చేసరికి ఇక్కడ నీళ్లుంటాయి, అది వేరే సంగతి.

ఈ పోటుతో వల్లకాడు జలరేఖకు అవతలికి పోతుంది. గుళిక పడిన సమాధుల మట్టిని యంత్రాలు పిడికెడు చొప్పున ఎత్తి కొండమీది స్మృతిక్షేత్రంలో పెడతాయి. పడనివన్నీ సముద్రానివి.

గుళికలకు ఇంకో ఉద్యోగం కూడా ఉంది. తీరమంతా కుంగుతూ జరుగుతూ ఉన్న రోజులు గనక రోడ్లనూ ఇళ్లనూ నమ్మి కొలతలు వేసే వీలు లేకపోయింది. సమాధులు మాత్రం కదలవని పెద్దలు తేల్చారు. జిల్లా పటమంతా ఆ మేకుల మీదే ఆనింది. గుళికకూ నేలకూ తేడా వస్తే నేల జరిగినట్టు లెక్క. రెండు గుళికలకు తేడా వస్తే కొత్తదాని మాటే చెల్లుతుంది. సమాధి నేలతోపాటే జరుగుతుంది కదండీ అని శిక్షణలో తవిటయ్య అడిగితే మార్కులు కోసేశారు. మళ్లీ అడగలేదు.

బోర్లించిన తెప్ప మీద పొద్దుటినుంచీ ఒక ముసలావిడ కూర్చుని ఉంది. పేరు గురమ్మ. పని సద్దుమణిగాక లేచి వచ్చి, తన బిడ్డను కూడా రాసుకోమంది. తొలిచూలు ఆడపిల్ల, పేరైనా పెట్టలేదు, మూడోనాడే పోయింది. పురిటి మంచం మీదనుంచి ఆమె లేవకముందే, భర్త తన తువ్వాలులో చుట్టుకుని ఇటు తెచ్చాడు. అంత పసికందులకు రాయి పాతరు, పాతినవాడు వెనక్కి తిరిగి చూడడు, ఆడవాళ్లు వల్లకాటికి రారు. ఎక్కడ పెట్టావని ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు. ఆ తర్వాత ఆయన్నూ సముద్రమే తీసుకుంది. ఈవేళ కట్టుబాటు పట్టించుకునే మగాడెవడూ మిగలలేదు గనక వచ్చేసింది.

తవిటయ్య వివరాలు ఎక్కించబోయాడు. పేరు లేనిదే బిందువు ఇవ్వనంది చేతిలోని పరికరం. బిందువు లేనిదే మనిషి లేదంది. పైఅధికారికి ఫోన్ చేస్తే ఆవిడ చాలా మర్యాదగా అదే మాట చెప్పి పెట్టేసింది. కర్ర భూమిలోకి కొంత చూడగలదు, ఎముకుంటే మోగుతుంది. మూడురోజుల బిడ్డ ఎముకలు ఇసుకలో ఇన్నేళ్లు నిలవవని తెలిసి కూడా, ఆమె కళ్లెదుట ఊరికే ఉండలేక ఆ మూలనుంచి ఈ మూలదాకా తిప్పాడు. కర్ర మోగలేదు. ఆమె అతని వెనకాలే నడిచింది, ఎక్కడ కాలు మోపితే ఏమవుతుందోనని చూసి చూసి అడుగు వేస్తూ.

"నీ పేరేటి నాయినా?" అంది.

చెప్పాడు.

"అయితే నీకు ముందు ఒకలు పోయుంటారు. మీ యమ్మ నిన్ను తవుడికి ఇచ్చేసి మళ్లీ తెచ్చుకునుంటాది. ఆ బిడ్డనెక్కడ పెట్టారో?"

ఆ పేరుకు బడిలో అందరూ నవ్వేవారు. అది ఎందుకు వచ్చిందో అతనికి తెలుసు. పొరుగింటివాళ్లు చేటలో తవుడు పోసి తనను కొనుక్కున్నారని అమ్మ చెబుతుండేది. తనకు ముందు పోయినవాడు ఎక్కడున్నాడన్న ఆలోచన మాత్రం ఇంతవరకూ తట్టలేదు. వంశజాలంలో వేల బిందువులు పెట్టిన మనిషికి తోబుట్టువు బిందువు లేదు. అడగడానికి అమ్మా లేదు.

"నా చేతిలో ఏమీ లేదు మామ్మా," అన్నాడు. ఆ మాట నిజం. నీళ్లు అప్పటికే ముందు వరుస సమాధులను తడుపుతున్నాయి.

ఆమె తల ఊపింది. తిట్టలేదు, బతిమాలలేదు. అదే అతను తట్టుకోలేకపోయాడు. కర్ర పట్టుకుని ఆమె ముందు నిలబడ్డాడు.

"పేరు చెప్పు."

"నీలవేణి."

"పేరు లేదన్నావు కదా?"

"పెట్టనేదన్నాను బాబూ. అనుకోనేదని అన్నేదు."

ఆ పేరు ఎక్కించాడు. పచ్చదీపం వెలిగింది. గుళిక జారుతుంటే ఇసుకలో పడనీయకుండా అరచేత పట్టి, ఆమె కొంగు చివర వేసి ముడివేశాడు. పరికరం బిందువును స్వీకరించింది. ఇంక ఇంటికెళ్లిపో మామ్మా, ముడి విప్పకు అని చెప్పాడు. ఆమె ముడిని పిడికిట్లో బిగించి, ఒకసారి వెనక్కి తిరిగి వల్లకాడంతా చూసి, బయల్దేరింది.

ముందు పరికరం గంట కొట్టింది, తర్వాత ఫోన్ మోగింది, ఆ తర్వాత రెండూ ఆగలేదు. సమాధి కదలదు గనక నీలవేణి కదల్లేదు. కాబట్టి మిగిలిన తీరమంతా ఆమెను విడిచి వెనక్కి జరుగుతోంది. పటం మీద రోడ్లు, బడి, స్మృతిక్షేత్రం, జలరేఖ, పొద్దున్నే పెట్టిన ఎర్రయ్య, అన్నీ గురమ్మ అడుగుకు అడుగు జరిగాయి. ఎర్రయ్య విషయంలో తవిటయ్యకు బాధేసింది. కాని మేల్కొన్న గుళికను నిద్రపుచ్చే వీలు లేదు. ముసలావిడ వెంట పరుగెత్తి కొంగు లాక్కోవడం ఒక్కటే దారి. అతను కదల్లేదు.

ఆమె కుళాయి దగ్గర ఆయాసం తీర్చుకోవడానికి ఆగింది. జిల్లా ఆగింది. మళ్లీ నడిచింది. చివరికి రెండు గదుల ఇంట్లోకి వెళ్లి, మంచం ఉండేచోట నిలిచిపోయింది.

పటం నిలదొక్కుకోలేక, స్థలంలో ఉన్న మనిషి సాక్ష్యం కావాలని అడిగింది. సమాధి కదిలిందా, నేల కదిలిందా?

తవిటయ్య కిందికి చూసుకున్నాడు. అల చీలమండలదాకా వచ్చి వెనక్కి పోతూ, పాదాల కింది ఇసుకను లాక్కుపోతోంది. నిలబడడానికి కర్రను గట్టిగా పట్టుకోవలసి వచ్చింది.

నేల, అని నొక్కాడు.