ఎంత తొక్కినా రాని హార్బరు

సీతారామాంజనేయులు గారి మీద ఆయన భార్య భ్రమరాంబకు ఉన్న ఫిర్యాదు ఒక్కటే. ఆయన సైకిలుకు పడినన్ని పంక్చర్లు లోకంలో మరే సైకిలుకూ పడి ఉండవు. కొత్తిమీర కట్ట కోసం వెళ్ళిన మనిషి రెండు గంటల తర్వాత వచ్చి, పంక్చరు పడిందని చెప్పి కాళ్ళు కడుక్కునేవారు. పోర్టులో గుమాస్తాగిరీ చేసిన ముప్పై ఏళ్ళూ, రిటైరయిన తర్వాత రెండేళ్ళూ ఇదే మాట. విశాఖపట్నం రోడ్ల మీద ఇన్ని మేకులు ఎవరు చల్లుతున్నారో కలెక్టరు గారికి అర్జీ పెట్టి కనుక్కోవాలని ఆవిడ అనుకునేది. బి.ఏ. చదివిన ఆవిడకు ఆ పంక్చర్లన్నీ జాలరిపేటలో పోలిరాజు గుమ్మం ముందే పడతాయని తెలియక కాదు. కొత్తిమీర వాడిపోయినా మనిషి నవ్వు ముఖంతో వచ్చేవారు కనుక, తెలియనట్టే ఉండేది.

పోలిరాజు పోర్టులో, ఓడలను లాగే టగ్గు పడవ మీద పనిచేసినవాడు. ఇద్దరూ ఒకే ఏడు ఉద్యోగంలో చేరి, ఒకరినొకరు బావా అని పిలుచుకుంటూ ముసలివాళ్ళయిపోయారు. నాలుగేళ్ళ కిందట పక్షవాతం వచ్చి పోలిరాజు రెండు కాళ్ళూ పడిపోయాయి.

పందొమ్మిది వందల ఎనభై అయిదు వేసవిలో సీతారామాంజనేయులు గారికి గుండెపోటు వచ్చింది. పది రోజులు ఆసుపత్రిలో ఉంచి పంపిస్తూ డాక్టరు, నెల పోయాక రోజూ మెల్లగా సైకిలు తొక్కితే మంచిదన్నాడు. ఏ సైకిలో చెప్పలేదు. ఆ ఒక్క ముక్కా చెప్పకపోవడం వల్ల ఇంట్లో రెండు పార్టీలు తయారయ్యాయి. ఆయన వరండాలో ఉన్న తన పాత సైకిలు వైపు చూశారు. ఆవిడ తమ్ముడి వైపు చూసింది.

తమ్ముడు గంగాధరరావు స్టీల్ ప్లాంటులో ఇంజనీరు. స్వదేశం వెళ్ళిపోతున్న ఒక రష్యా ఇంజనీరు దగ్గర, ఇంట్లో కూర్చుని తొక్కే సైకిలు కొని ఆటోలో వేసుకొచ్చాడు. దానికి చక్రం ఒకటే, అదీ నేలకు తగలదు. లారీలు గుద్దవు, కుక్కలు తరమవు, ఎండ కొట్టదు. భ్రమరాంబ లెక్కలో సైకిలంటే అలా ఉండాలి. పాత సైకిలును పెరటి కిటికీ ఊచకు గొలుసుతో కట్టి తాళం వేసింది. తాళం చెవి పోపులపెట్టెలో ఆవాల అడుగున దాచింది. ఆ ఇంట్లో మగవాళ్ళ చెయ్యి పడని చోటు అదొక్కటే.

అప్పటినుంచి రోజూ తెల్లవారగానే ఆయన పంచె ఎగ్గట్టి, గోడ మీది క్యాలెండరుకు ఎదురుగా కూర్చుని తొక్కేవారు. మీటరు ముల్లు అయిదు కిలోమీటర్లు చూపిస్తేనే కాఫీ. దొండపర్తిలోని తమ ఇంటినుంచి, పోలిరాజు ఇంటి పక్కనున్న హార్బరుకు అంతే దూరం. మొదట్లో ఆయన తొక్కుతూ డాబా గార్డెన్స్ దాటాననీ, జగదాంబ దగ్గరికి వచ్చాననీ కేకేసి చెప్పేవారు. ఎలాగూ వెళ్తున్నారు కదా, పూర్ణా మార్కెట్లో ములక్కాడలు తెమ్మని ఆవిడ వంటింట్లోంచి జవాబిచ్చేది. ఇద్దరూ నవ్వుకునేవారు. నెల తిరిగేసరికి ఆయన ఊరి పేర్లు చెప్పడం మానేశారు. పోలిరాజును చూడాలంటే రిక్షాలో వెళ్ళి రమ్మంది ఆవిడ. నన్ను మూటలా వేసుకుపోయే రోజు ఎలాగూ వస్తుంది, తొందరేముంది అన్నారాయన. అలిగారని ఆవిడకు తెలుసు. అలక కాఫీతో తగ్గుతుందనుకుంది.

పోలిరాజు భార్య అప్పాయమ్మ వారానికోసారి చేపల గంప ఎత్తుకుని ఆ వీధికి వచ్చేది. శ్రావణంలో ఒకనాడు గంప దించి, వంజరం ముక్కలు కోస్తూ, అయ్యగారిని ఓపాలి పంపమని అడిగింది. అప్పుడు తెలిసింది భ్రమరాంబకు, ఆ రెండు గంటల్లో జరిగేదేమిటో. ఆయన పోలిరాజును ఎత్తి సైకిలు వెనక కూర్చోబెట్టుకుని, రిక్షా పట్టని ఆ సందులోంచి తోసుకుంటూ ఒడ్డుకు తీసుకెళ్ళేవారట. పడవలు దిగడం చూసి, ఎవరి వలలో ఏం పడిందో తెలుసుకుని, మళ్ళీ తెచ్చి మంచం మీద దింపేవారట.

"బావ రాలేదేటి, ఏటైనాదని రోజూ అడుగుతన్నాడమ్మా," అంది అప్పాయమ్మ.

గుండెపోటు వచ్చిన మనిషి నిలువెత్తు మనిషిని ఎత్తడమా అనుకుంది భ్రమరాంబ. చెప్తాలే అంది. చెప్పలేదు. మూడు వారాల తర్వాత అప్పాయమ్మ మళ్ళీ అడిగింది. మళ్ళీ చెప్తాలే అంది. దసరా వెళ్ళాక డాక్టరుకు చూపించి అప్పుడు చూద్దామని తనకు తాను నచ్చజెప్పుకుంది.

ఆ తర్వాత అప్పాయమ్మ రాలేదు. దసరా వెళ్ళిన వారానికి, ఒక పొద్దున ఆయన మీటరు మూడు దాటుతుండగా, అదే గంపతో కోడలు నూకాలు వచ్చింది. అత్త ఏదని భ్రమరాంబ అడిగింది.

"మావ పోయి పన్నెండు రోజులైపోనాదమ్మా," అంది నూకాలు, గంప దించకుండానే.

లోపల పెడల్ చప్పుడు ఆగిపోయింది. ఆయన గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. మాకు కబురైనా చెయ్యలేదేమని అడిగారు.

నూకాలు తల వంచుకుంది. "నాను వొత్తానంటే అత్త వొద్దంది బాబూ. రెండు పాల్లు కబురెడితే రానోలికి సావు కబురెందుకంది."

ఆయన భార్య ముఖంలోకి చూశారు. ఒక్క క్షణమే. వెనక్కి వెళ్ళి, ఆ సైకిలెక్కి మళ్ళీ తొక్కడం మొదలుపెట్టారు. ఆవిడ కాఫీ తెచ్చి పక్కన పెట్టింది. మీటరు అయిదు దాటింది, ఏడు దాటింది. చొక్కా తడిసిపోయింది. చాలు ఆపమని ఆవిడ బతిమాలింది. కావాలంటే నాలుగు తిట్టమంది.

"ఎంత తొక్కినా హార్బరు రావడం లేదే," అన్నారాయన, క్యాలెండరు వైపే చూస్తూ.

ఆవిడ వంటింట్లోకి పరుగెత్తింది. పోపులపెట్టె తెరిచి ఆవాలన్నీ నేల మీద ఒంపేసి తాళం చెవి తీసింది. తెచ్చి ఆయన అరచేతిలో పెట్టింది. దానికి పసుపు అంటుకుని ఉంది. ఆయన గుప్పిట మూశారు.

"నీ మీద అలిగాను. రిక్షా ఎక్కి వెళ్ళకుండా వాడికి వేశాను ఆ శిక్ష," అన్నారు మెల్లగా.

ఇద్దరూ బయల్దేరారు. ఆయన సైకిలు ఎక్కలేదు. ఖాళీ క్యారియరుతో నడిపించుకుంటూ వెళ్ళారు. ఆవిడ పక్కన నడిచింది. అలుపొచ్చిన చోటల్లా నీడలో ఆగారు. జగదాంబ దగ్గర సైకిలు షాపు నడిపే వరహాలు వీళ్ళను చూసి, ఏం గురూగారూ, పంక్చరా అని పలకరించాడు. కాదన్నారాయన. ముప్పై రెండేళ్ళలో మొదటిసారి కాదన్నారు. ఆ మాట విన్నాక భ్రమరాంబ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

అప్పాయమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. బొట్టు లేని ఆ ముఖం చూసి భ్రమరాంబ ఆయన వెనకే ఆగిపోయింది. లోపల మంచం నిలబెట్టి ఉంది. పోలిరాజు చివరి దాకా మంచాన్ని వీధి వైపు తిప్పించుకున్నాడని, ఏ సైకిలు బెల్లు మోగినా తలెత్తేవాడని అప్పాయమ్మ చెప్పింది. కోపంగా చెప్పలేదు. కోపంగా చెప్పినా బాగుండేది.

"నా కబురు అందినాదా బాబూ?" అని అడిగింది చివరికి.

సీతారామాంజనేయులు గారు సైకిలు హ్యాండిల్ గట్టిగా పట్టుకున్నారు. భార్య వైపు చూడలేదు.

"అందింది. బయల్దేరాను కూడా. దారిలో పంక్చరు పడింది అప్పాయమ్మా," అన్నారు.

అప్పాయమ్మ తల ఊపింది. నమ్మలేదు. మాట కాదనలేదు.

భ్రమరాంబ ఆయన్ని దాటుకుని ముందుకు వెళ్ళి, అప్పాయమ్మ పక్కన నేల మీద కూర్చుంది.

"పంక్చరు కాదు అప్పాయమ్మా. ఆయన నన్ను వెనకేసుకొస్తున్నారు. సైకిలుకు తాళం వేసింది నేను. నీ కబురు రెండుసార్లూ ఆయనకు చెప్పనిదీ నేనే. పోలిరాజు ఎదురుచూస్తున్నాడని తెలిసే ఊరుకున్నాను. తప్పు చేశాను."