తేనెబండ మీద తుపాకి

మల్లేశు శవం తెల్లవారాక అనంతగిరి ఘాట్‌రోడ్డులో ఒక కల్వర్టు కింద దొరికింది. బైకు పక్కనే పడి ఉంది. మలుపులో జారిపడ్డాడనుకున్నారు చూసినవాళ్ళు. కానీ మెడ విరిగిన మనిషి నెత్తిన ఉన్న హెల్మెట్‌కి ఒక్క గీత కూడా పడలేదు.

"యాక్సిడెంట్ కాదు. మర్డర్," అన్నాడు దేవీప్రసాద్.

అతను కేంద్ర నిఘా విభాగంలో ఆపరేషన్స్ చీఫ్. కాఫీతోటలోని గెస్ట్‌హౌస్ వెనక ఆపిన జీపులో కూర్చుని మాట్లాడుతున్నాడు. ఎదురుగా పాంగి రాజకుమారి. ఆమె పుట్టింది ఈ కొండల్లోనే, ఉద్యోగం మాత్రం విశాఖలో. ఆరేళ్ళుగా కంప్యూటర్ ముందు కూర్చుని రహస్య సందేశాలు డీకోడ్ చేయడం తప్ప ఫీల్డ్‌లో అడుగుపెట్టి ఎరగదు.

"ఈరోజు కాఫీ అందించే మనిషి వేషంలో మల్లేశు సంతకాలు జరిగే గదిలో ఉండాలి. ఇప్పుడు నువ్వు ఉంటావు."

"సార్, నాకు తుపాకి పట్టుకోవడం కూడా సరిగ్గా రాదు."

"ఆ గదిలోకి తుపాకులు రానివ్వం. ట్రే పట్టుకోవడం వస్తే చాలు."

మల్లేశు మొన్న సాయంత్రమే ఆఫీసులో రాజకుమారి టిఫిన్ డబ్బా లాక్కుని సగం తినేసి వెళ్ళాడు.

సంగతి ఇది. కెస్రాన్ అనే కొండదేశానికి స్వతంత్రం వచ్చి పదకొండు నెలలైంది. జెండా ఎగరేసిన వారానికే యుద్ధం మొదలైంది. రాజధానిలో ప్రెసిడెంట్ అరీనా వెల్క్ ప్రభుత్వం. సరిహద్దు కొండల్లో కల్నల్ దాగెల్ సైన్యం. స్వతంత్రం కోసం ముందు చచ్చింది మా కొండవాళ్ళు, అందులో మా వాటా ఏదని దాగెల్ ప్రశ్న. పొరుగున ఉన్న పెద్ద దేశానికి ఆ కొండల్లోని రాగి గనులు కావాలి. అందుకని 'నార్త్‌గేట్' అనే గూఢచారి ముఠా ద్వారా ఇద్దరికీ ఆయుధాలు అందిస్తూ యుద్ధం ఆరిపోకుండా చూస్తోంది. రాజకుమారి డీకోడ్ చేసిన సందేశాల్లో ఒకటి, బాంబు పడిన ఒక బడిలోని నలభై ఒక్కమంది పిల్లల పేర్ల జాబితా. ఆ పేర్లు ఆమెకి ఇప్పటికీ వరసగా గుర్తున్నాయి.

ఇవాళ పదకొండు గంటలకి ప్రెసిడెంటూ కల్నలూ ఈ గెస్ట్‌హౌస్‌లో కాల్పుల విరమణ మీద సంతకాలు చేయాలి. బయటి ప్రపంచానికి వాళ్ళు అరకు కాఫీ కొనడానికి వచ్చిన విదేశీ వ్యాపారులు.

"నీ ముక్కుపుడకలో మైక్ ఉంది," అన్నాడు దేవీప్రసాద్. "అంతా బాగుంటే 'పసుపు' అను. ప్రమాదమైతే 'మిరియం'. పది యాభైకి జామర్ ఆన్ చేస్తాం, ఆ తర్వాత ఏ సిగ్నలూ పోదు."

అప్పుడే జీపు దగ్గరికి ఒక పొడవాటి స్త్రీ వచ్చింది. బూడిదరంగు సిల్కు కోటు, ఎర్రటి పెదవులు, వేళ్ళ మధ్య వెలిగించని సిగరెట్. లీదా మోరెన్. కెస్రాన్‌లో రాజధానివాళ్ళ భాష వేరు, కొండవాళ్ళ భాష వేరు. ఆ రెండిటికీ ఇంటర్‌ప్రెటర్ ఆమె. నార్త్‌గేట్ జీతం తీసుకుంటూ రెండేళ్ళుగా మనకి రహస్యాలు అందిస్తున్న డబుల్ ఏజెంట్ కూడా.

"షూటర్ వచ్చేశాడు," అంది ఇంగ్లీషులో, గొంతు తగ్గించి. "ఎదురు కొండ. కిటికీకి సూటిగా నల్లబండ ఉంది చూడండి, దాని మీద పొద్దుటినుంచీ పడుకుని ఉన్నాడు. మీ మల్లేశుని చంపింది వాడే."

దేవీప్రసాద్ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. కిటికీల తెరలు మూయించి, ఇద్దర్ని మాత్రం గేటు దగ్గర ఉంచి, మిగతా కమాండోలతో కొండ ఎక్కడానికి బయల్దేరాడు.

రాజకుమారి వంటగదిలోకి వెళ్ళింది. కప్పులు ట్రేలో పెడుతుంటే గలగలమంటున్నాయి. సోములమ్మ చూసింది. ఆ గెస్ట్‌హౌస్‌లో వంటమనిషి, రాజకుమారికి వరసకి అత్త.

"ఏటి గుంటా, అలా వణికిపోతన్నావు? జొరమా?"

"భయమేస్తంది అత్తా. ఆ నల్లబండ మీద తుపాకెట్టుకుని ఎవడో ఉన్నాడంట."

సోములమ్మ కిటికీలోంచి తొంగి చూసి నవ్వేసింది. "తేనెబండ మీదా? ఎవులు సెప్పారే? దాని కింద పట్లు సూడు, ఎన్నున్నాయో. మనిషెల్లి పడుకుంటే ఈగలు ఊరుకుంటాయేటి? ఈపాటికి కొండంతా లేసిపోను. ఒక్క ఈగైనా కదిలిందా?"

రాజకుమారి చూసింది. బండ అంచుకి నల్లగా వేలాడుతున్న తేనెపట్లు నిశ్చలంగా ఉన్నాయి.

అక్కడ ఎవరూ లేరు. లీదా అబద్ధం చెప్పింది. కమాండోలని ఇక్కణ్ణించి పంపించడానికి చెప్పింది. మల్లేశుని తప్పించిందీ ఆమె ముఠాయే అయి ఉండాలి.

"మిరియం! సార్, మిరియం!" అంది ముక్కుపుడక పట్టుకుని. అప్పుడు చూసింది. గోడ గడియారంలో పదకొండు కావస్తోంది. పది యాభైకే జామర్ ఆన్ చేశారు. ఫోన్లు, వైర్‌లెస్, ఏదీ పనిచేయదు.

పారిపోతే ఎవరూ తప్పుపట్టరు, నేను డీకోడర్ని అనుకుంది. మరుక్షణం బుర్ర అలవాటు కొద్దీ పని మొదలుపెట్టింది. జామర్ ఉండగా రిమోట్ బాంబు పేలదు. మరి ఆ గదిలో ఇంకా బతికి ఉన్న సిగ్నల్ ఏది? అనువాదం వినడానికి లీదా తెచ్చిన హెడ్‌ఫోన్లు! అవి రేడియోతో కాదు, ఇన్‌ఫ్రారెడ్‌తో పనిచేస్తాయి. జామర్ వాటినేమీ చేయలేదు. బాంబు ఎవరి హెడ్‌ఫోన్‌లో? కల్నల్ ఎదురుగా ప్రెసిడెంట్ చనిపోతే నేరం కల్నల్ మీద పడుతుంది. యుద్ధం ఇక ఆగదు.

"అత్తా, బేగి గేటు కాడికెల్లి ఆ ఇద్దర్నీ లోపలికి తోలు," అని ట్రే ఎత్తుకుంది. భుజాన దళసరి తువ్వాలు వేసుకుంది.

గదిలో పొడవాటి బల్ల. ఒకవైపు ప్రెసిడెంట్, ఒకవైపు కల్నల్, మధ్యలో మన దౌత్యాధికారి జయశ్రీ. లీదా అనువాదాన్ని హెడ్‌ఫోన్లకి పంపే తన కన్సోల్‌ని మూలనున్న రాతిస్తంభం వెనక్కి జరుపుకుని కూర్చుంది. ప్రెసిడెంట్ మాట్లాడడం ముగించింది. కల్నల్ లేచి గొంతు సవరించుకున్నాడు. అతని మాటలు వినడానికి ప్రెసిడెంట్ హెడ్‌ఫోన్ అందుకుని తలమీదికి ఎత్తింది.

"మేడం, నాట్ వర్కింగ్. బ్యాటరీ," అంది రాజకుమారి. గొంతు పిల్లికూతలా వచ్చింది.

ప్రెసిడెంట్ చిరాగ్గా చూసి ఇచ్చేసింది. రాజకుమారి దాన్ని ట్రేలో పెట్టి, తువ్వాలుని రెండు మడతలు వేసి మీద కప్పింది. ఇన్‌ఫ్రారెడ్ వెలుతురు లాంటిదే, దళసరి గుడ్డలోంచి పోదు. పోదనే ఆమె చదువుకుంది. పరీక్షించి చూడలేదు.

లీదా దగ్గరికి ఆరడుగులు.

రెండో అడుగులో లీదా తలెత్తింది. మూడో అడుగులో ట్రే వైపు చూసింది. నాలుగో అడుగులో ఆమె బొటనవేలు కన్సోల్ మీదికి పోయింది. 'టిక్' మంది. హెడ్‌ఫోన్ పేలలేదు, రాజకుమారి ఐదో అడుగు వేసింది. మళ్ళీ 'టిక్'. చెమట కంట్లోకి కారుతోంది. ఇంకోసారి 'టిక్'.

రాజకుమారి ట్రేని లీదా ఒడిలో పెట్టి, తువ్వాలు అంచు పట్టుకుంది.

"ఇప్పుడు గుడ్డ తీస్తాను," అంది ఇంగ్లీషులో. "అప్పుడు నొక్కు."

"నువ్వూ చస్తావు," అంది లీదా.

"తెలుసు. అందుకే వణుకుతున్నాను."

ఎర్రటి పెదవుల చుట్టూ మొహం తెల్లగా పాలిపోయింది. రాజకుమారి వేళ్ళు గుడ్డని ఒక అంగుళం పైకి లేపాయి. లీదా బొటనవేలు నెమ్మదిగా కన్సోల్ మీంచి పక్కకి జరిగింది.

తలుపు తోసుకుని గేటు దగ్గరి కమాండోలిద్దరూ వచ్చి లీదా చేతులు వెనక్కి విరిచి పట్టుకున్నారు. ఆ తర్వాతే రాజకుమారి నేలమీద కూలబడింది. కల్నల్ దాగెల్ తన కుర్చీ తెచ్చి, ఆమెని లేపి కూర్చోబెట్టాడు. పేలబోయింది ప్రెసిడెంట్ తల, పోబోయింది తన కొండలని అతనికి ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేకపోయింది.

దేవీప్రసాద్ రొప్పుతూ కొండ దిగి వచ్చేసరికి పన్నెండు దాటింది. ఒక కన్ను వాచి మూసుకుపోయింది. లోపలినుంచి ప్రెసిడెంట్, కల్నల్ ఒకరిమీద ఒకరు అరుచుకోవడం వరండా దాకా వినిపిస్తోంది.

"సంతకాలు?" అన్నాడు కంగారుగా.

"అయిపోయాయి సార్," అంది జయశ్రీ. "ఒప్పందం రెండు భాషల్లోనూ ముందే రాసి ఉంది కదా. ఇంటర్‌ప్రెటర్ లేదు కాబట్టి తిట్లు ఒకరివి ఒకరికి అర్థం కాలేదు."