గుట్ట మీద విస్తరి

ఆ రోజు పొద్దున రేణుకమ్మ సూర్యాపేట అంగడికి పోయింది చింతపండు కోసమే. కానీ ఆమె కాళ్ళు ఎప్పటిలాగే గొర్రెలు అమ్మే దిక్కుకు లాక్కుపోయాయి. పోయినేడు చిన్నకొడుకు సైదులు మందను తోలుకుని పోయిన నాటి నుంచి ఆమెకు అదొక అలవాటు. ప్రతి గొర్రె చెవీ చూస్తుంది. మందలు కలిసిపోయినా గుర్తుపట్టేందుకు గొల్లలు ఇంటికొక తీరుగా గొర్రెపిల్లల చెవులు కోస్తారు. వాళ్ళింటి గుర్తు కుడిచెవి కొసన చీలిక, దాని కింద చిన్న గంటు.

ఆ గుర్తు ఒక పొట్టేలు చెవి మీద కనబడింది. రేణుకమ్మ దాని నోరు తెరిచి పళ్ళు చూసింది. ఏడాది కూడా నిండలేదు. అంటే సైదులు పోయిన తర్వాతే పుట్టింది. దాని చెవి కోసిన చెయ్యి ఎక్కడో బతికే ఉంది.

"ఇది యాడ కొన్నవ్, తావుర్యా?"

"మిర్యాలగూడ అవతల, కృష్ణ ఒడ్డు గుట్టల్ల. బేరం జెయ్యకు అవ్వా, అమ్ముడువోయింది" అన్నాడు బేరగాడు.

చింతపండు మాట మరిచిపోయి ఆమె ఆదరాబాదరాగా ఇంటికి వచ్చింది. పెద్దకొడుకు యాదయ్య బియ్యం మిల్లుకు పోయే ముందు గట్క తింటున్నాడు. సంగతి వినగానే అతని చెయ్యి నోటి దగ్గరే ఆగిపోయింది.

"గుట్టలంటే అంగడనుకున్నవా? నీ మోకాళ్ళు సక్కగ పనిజేస్తలేవు."

"మోకాళ్ళు నావి. నువ్వు రాకుంటే ఒక్కదాన్నే పోత. ఆన్ని ఇంటికి తెచ్చుకుంట."

"జర తీస్కపోరాదు" అంది కోడలు ఆండాలు పొయ్యి దగ్గర నుంచి. "లేకుంటే రేపటి సంది అత్త తినదు, మనల తిననియ్యదు."

యాదయ్య తల ఎత్తకుండానే చెయ్యి కడుక్కున్నాడు.

బస్సు బొగ్గుతో నడిచేది. వెనక పొయ్యి రాజేసి, గంటసేపు మర తిప్పితే గానీ కదల్లేదు. కొంగు మూటలో సైదులు కోసం తెచ్చిన సద్ద రొట్టెలను రేణుకమ్మ దారి పొడవునా తడిమి చూసుకుంటూనే ఉంది. ఒక చోట ఎత్తు రాగానే బస్సు దగ్గుతూ నిలబడింది.

"దిగుర్రి, అందరు దిగుర్రి! మొగోళ్ళు నూకుండ్రి!" అని అరిచాడు డ్రైవరు.

"కిరాయి మనదే, నూకుడు మనదేనా?" అని ఎవరో అంటే అందరూ నవ్వారు. యాదయ్య నవ్వలేదు. బస్సును ఎత్తు దాటించి వచ్చి, వెనక మెల్లగా నడుస్తున్న తల్లి పక్కన నిలబడ్డాడు.

"అవ్వా, ఆడు నిన్ను సూస్తే బెదురుతడు."

"నన్ను సూసి బెదురుడేందిరా?"

"నువ్వు సచ్చిపోయినవని కబురు వెట్టిన."

రేణుకమ్మ అక్కడే మట్టిలో కూర్చుండిపోయింది.

"చలికాలంల ఇంటికొస్తనని నాకు కబురంపిండు. దళమోళ్ళకు కూడు వెట్టినోళ్ళను పోలీసోళ్ళు ఊరూర ఎతుకుతున్న రోజులవి. ఆడు వెట్టిండని అందరికి ఎరుకే. రావద్దంటే ఇనడు. నువ్వున్నవనే వస్తడు. నువ్వు లేవంటే రాడనుకున్న."

"ఏడాదాయె, నేను కడప మీద కూసోని తొవ్వ సూడవట్టి. సూస్తనే ఉన్నవ్ గదరా?"

"సూస్తనే ఉన్న."

ఆమె లేచి, అతను అందించిన చెయ్యి పట్టుకోకుండా బస్సెక్కింది. మిర్యాలగూడ దాకా అతని పక్కన కూర్చోలేదు. తెల్లారి ఎడ్లబండిలో కూడా మాట్లాడలేదు. బండి తోలే రామలింగయ్యే మాట్లాడాడు.

"పెత్రమాస పూట ఎవరన్న తొవ్వ వడ్తరా? సచ్చిన పెద్దలు అన్నానికొచ్చే దినం. ఇంట్లుండి ఆకేసి పెట్టుకోవాలె గని."

తల్లీ కొడుకూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

యాదయ్య చూపించిన గుట్ట కింద బండి ఆగింది. రాళ్ళు పట్టుకుని, నాలుగడుగులకు ఒకసారి నిలబడి ఆమె పైకెక్కింది. మిట్టమధ్యాహ్నం అయింది. కంచె వెనక గొర్రెల అరుపులు వినబడ్డాయి. వాటి మధ్య నుంచి ఒక గొంతు వచ్చింది.

"అవ్వా! ఓ అవ్వా! వచ్చి ఇంత తినిపో!"

రేణుకమ్మ కంచె పక్కకు పోయి చూసింది. మోదుగాకుల విస్తరిలో జొన్న గట్క, పుంటికూర పెట్టి, సైదులు ఆకాశం దిక్కు చేతులు జోడించి నిలబడి ఉన్నాడు. ముఖం నిండా గడ్డం. సగమైపోయాడు.

"వస్తున్న బిడ్డా" అంది ఆమె.

అతను తిరిగి చూసి వెనక్కి వెనక్కి నడిచి, కంచెకు తగిలి కూలబడ్డాడు. రేణుకమ్మ పోయి అతని తల ఒళ్ళోకి తీసుకుంది. ఆ చేతుల వేడి తగిలాక గానీ అతనికి ఏడుపు రాలేదు.

"ఇగ ఇంటికొస్త. నీతోనే వస్త" అన్నాడు వెక్కుతూనే. "అప్పుడే వద్దును. నాతోటి ఉన్న ఇద్దరు బయలెల్లిండ్రు. నువ్వు పోయినవని కబురొచ్చెసరికి నా కాళ్ళు లేవలె. ఆళ్ళు చివ్వెంల కాడ పోలీసోళ్ళకు దొరికిండ్రు. మళ్ళ ఆళ్ళ జాడ లేదు."

రేణుకమ్మ చేతులు కొడుకు తల మీద ఆగిపోయాయి. ఆమె తిరిగి చూసింది. యాదయ్య దూరంగా బండ మీద, ఎవరింటికో వచ్చినవాడిలా ముడుచుకుని కూర్చున్నాడు. ఇన్నాళ్ళూ ఆ ఒక్క అబద్ధం మోసి అతని భుజాలు వంగిపోయాయని ఆమెకు ఇప్పుడు కనబడింది.

"గాడ కూసున్నవేందిరా పెద్దోడా? రా."

విస్తరి ముందు కూర్చుని ఆమె ముద్ద కలిపింది. సైదులు చెయ్యి పట్టుకున్నాడు. "తినకు అవ్వా! అది సచ్చినోళ్ళ కూడు."

"నా పేరు మీదనే గదరా పెట్టినవ్. నేను గాక ఎవలు తింటరు?"

ఒక ముద్ద తను తిని, ఒకటి యాదయ్య నోట్లో పెట్టింది. అతను నమలలేక తల్లి మోకాళ్ళ మీద తల ఆనించాడు. మూడో ముద్ద సైదులుకు పెట్టి, చాలాసేపు అతని ముఖమే చూసింది. తీసుకుపోదామనే ఇంత దూరం వచ్చింది. ఆ మాట గొంతు దాకా వచ్చి, గట్కతో పాటే లోపలికి పోయింది.

"నువ్వు రావద్దు బిడ్డా. ఈ గడబిడ సల్లారే దాక గీడనే ఉండు."

"మరి నువ్వో?"

"వచ్చే పెత్రమాసకు ఆకెయ్యకు. పొయ్యి మీద ఎసరు వెట్టు. నేనే వస్త."