మనిషి కనబడితే ఆగు

ఆశ స్కూటీని ఇసుక లారీ గుద్దినప్పుడు సిరుగుప్ప రోడ్డు ఖాళీగానే ఉంది. లారీ ఆగింది. రివర్స్‌లో వచ్చి, పని పూర్తయిందని చూసుకుని మరీ వెళ్ళిపోయింది.

బళ్ళారి గాంధీనగర్‌లో ట్యూషన్ సెంటర్ బోర్డు ఉన్న ఇంట్లో, ఇంటెలిజెన్స్ చీఫ్ వీరభద్రప్ప ఆమె ఫొటోను టేబుల్ మీదికి తోశాడు. ఎదురుగా ఏజెంట్ హొన్నూరుస్వామి.

"చిన్న వయసు ఇంజినీరప్పా. తను పనిచేసే డ్రోన్ల కంపెనీ గుట్టు మనకు ఈమెయిల్ పెట్టింది. మనం తెరిచి చదివేలోగా సంపేసినారు."

"ఏం గుట్టు సార్?"

"వరి మళ్ళకు మందు కొట్టే డ్రోన్లు. ఎదురుగా మనిషి కనబడితే మందు ఆగిపోవాల. ఆ సాఫ్ట్‌వేర్ రాసింది ఈ పిల్ల, ఆమె క్లాస్‌మేట్ సుధాకర్. ఇప్పుడు దాన్ని తిరగేసినారు. మనిషి యాడుంటే ఆడికి పోయి కొడతాది. ట్యాంకులో ఉండేది పురుగుల మందు కాదు, మనుషుల్ని సంపే నర్వ్ ఏజెంట్. కొనే ఫారిన్ ముఠా దిగింది. ఈ పొద్దు లైవ్ డెమో."

"ఎవరి మీద?"

"నాట్లేసే కూలి ఆడోళ్ళ మీద."

"పోలీసుల్ని పంపితే?"

"ఖాకీ గుడ్డ కనబడితే అప్పుడే డ్రోన్ లేపేస్తారు. లోపల మన మనిషి ఒకామె ఉండాది. 'కాలవకు నీళ్ళొచ్చినాయా' అంటాది. 'టైలెండ్‌కి రాలేదు' అను."

మధ్యాహ్నానికి హొన్నూరుస్వామి వడ్ల వ్యాపారి అవతారమెత్తాడు. నోట్లో తాంబూలం, చేతిలో టిఫిన్ క్యారియర్. క్యారియర్ నిండా డ్రోన్ సిగ్నల్‌ను ఆపే జామర్. కంపెనీ షెడ్డు వెనక, కుళాయి దగ్గర ముఖం కడుక్కుంటున్న కుర్రాడి పక్కన నిలబడ్డాడు.

"సుధాకర్ నువ్వే కదప్పా? ఏ పని కోసం ఆశను సంపినారో దాన్ని ఆపేదానికి వచ్చినాను."

కుళాయి కట్టెయ్యడం కూడా మరిచిపోయాడు సుధాకర్. కృష్ణా జిల్లా నుంచి వచ్చి కాలవ కింద స్థిరపడిన రైతుల బిడ్డ. మాటలో ఇంకా ఆ మర్యాద పోలేదు.

"కాలేజీలో చెయ్యెత్తి ప్రమాణం చేశామండి. నా చదువు మనిషికి చేటు చెయ్యదని. దాన్ని నిజమనుకున్నది ఆశ ఒక్కతే."

"నువ్వేమనుకున్నావు?"

"గ్రూప్ ఫొటో అనుకున్నానండి."

తడి చేత్తోనే షెడ్డు వైపు చూపించాడు. "ఇక్కడ అందరికీ తెలుసండి. కెమెరా చేసినవాడు కెమెరా మాత్రమే చేశానంటాడు. బ్యాటరీవాడు బ్యాటరీ మాత్రమే అంటాడు. చంపే భాగం ఎవ్వరూ చెయ్యలేదు."

హొన్నూరుస్వామి వృత్తిలోనూ అందరూ అలాగే చెప్పుకుంటారు.

అంతలో మడి మీదికి డ్రోన్ లేచింది. అతను జామర్ ఆన్ చేశాడు. డ్రోన్ తొణకలేదు.

"అది కట్టెయ్యండి!" సుధాకర్ అరిచాడు. "దానికి బయటి ఆజ్ఞలు అక్కర్లేదు. స్టాప్ కమాండ్ ఒక్కటే వింటుంది. జామర్ ఉంటే అదీ అందదు. వ్యాన్‌లోంచి, నా వేలిముద్రతో!"

జామర్ కట్టేసి ఇద్దరూ పరుగెత్తారు. కంట్రోల్ వ్యాన్ తలుపుకు అడ్డంగా మంజుశ్రీ నిలబడి ఉంది. కంపెనీ తరఫున ఫారిన్ వాళ్ళతో బేరాలు నడిపేది ఆమే. నెమలికంఠం రంగు పట్టుచీర, నల్లకళ్ళద్దాలు, చేతిలో చిన్న పిస్టల్.

"కాలవకు నీళ్ళొచ్చినాయా?"

"టైలెండ్‌కి రాలేదు."

పిస్టల్ దిగింది. "పోండి, బేగ. కోడ్ కాపీ మాత్రం పొద్దున్నే ఆ ఫారిన్ వాళ్ళకు ఇచ్చేసినాను."

"నువ్వు మా మనిషివి కదమ్మా!"

"మీ మనిషినే. వాళ్ళ మనిషిని కూడా."

స్క్రీన్ మీద వంగి నాటు వేస్తున్న ఆడవాళ్ళ చుట్టూ ఎర్రగళ్ళు. అందులో ఒక గడి గట్టిగా వెలిగింది. సుధాకర్ వేలు పెట్టాడు. తడి వేలిని మిషన్ ఒప్పుకోలేదు. చొక్కాకు తుడిచి మళ్ళీ పెట్టాడు. ఒప్పుకోలేదు. డ్రోన్ కిందికి దిగి, నాజిల్ తిప్పుకుంది.

హొన్నూరుస్వామి తన పైపంచెతో ఆ వేలిని గట్టిగా తుడిచి స్కానర్ మీద నొక్కాడు.

రెక్కలు ఆగిపోయాయి. మూత బిగిసిన ట్యాంకుతో సహా డ్రోన్ దబ్బున బురదలో పడింది. దాని పక్కనే నాటు వేస్తున్న కూలి మారెక్క నారుకట్ట విసిరికొట్టి లేచింది.

"యావనప్పా ఇది ఇడిసింది? స్వల్పంలో తప్పిపోయింది. నెత్తిన పడుంటే నా బిడ్డల్ని నీ యమ్మ సాకుతాదా?"

గట్టు మీద ఫారిన్ వాళ్ళ కుర్చీలు ఖాళీ. కార్లు లేవు.

సుధాకర్ వ్యాన్ మెట్టు మీద కూలబడ్డాడు. "ఆగిపోయింది కదండీ?"

"ఈడ ఆగినాది," అన్నాడు హొన్నూరుస్వామి. అంతకు మించి ఏం చెప్పినా అబద్ధమే అవుతుంది.

సాయంత్రం వీరభద్రప్ప ఫోన్ చేశాడు. ముఠా విమానం ఎక్కేసింది. మంజుశ్రీ కూడా.

"మరి కేసు, సార్?"

"పెట్టినారప్పా. టెస్టింగ్‌లో సాంకేతిక లోపం వచ్చి డ్రోన్ కూలిపోయిందని కంపెనీ రాసిచ్చింది. లోపాన్ని పట్టుకొచ్చి స్టేషన్లో కూర్చోబెట్టినారు. పేరు సుధాకర్ అంట."