మడమ మడిచిన తుపాకీ

"ఏవండీ... దొంగ..."

ఫోన్‌లో ఛాయాదేవి గొంతు. ముక్కలు ముక్కలుగా తెగిపోతోంది.

"ఏంటీ? దొంగా?"

"...గరాజ్‌లోంచి... లోపలికి... కింద బేస్‌మెంట్... మీరు కదలకండి..."

కట్!

శేషగిరి ఫోన్ వంక చూస్తాడు. ఫోన్ శేషగిరి వంక చూస్తుంది. ఇద్దరి దగ్గరా సిగ్నల్ లేదు!

సాయంత్రం ఆరు. జనవరి నెల. ఈ నోవై ఊళ్లో ఈ వేళకే చిమ్మచీకటి. బయట మోకాలి లోతు మంచు. ఇంట్లో ఒక్కడే. మేడమీద ఆఫీస్ రూమ్‌లో, కాలిఫోర్నియా వాళ్లతో మీటింగ్‌లో ఉన్నాడు. స్క్రీన్ మీద ఎవరో కార్ల బ్రేకుల గురించి చెబుతున్నారు.

ఇక్కడ శేషగిరి గుండెకే బ్రేకులు ఫెయిలయ్యాయి.

మ్యూట్ నొక్కుతాడు. చెవులు రిక్కిస్తాడు.

గర్ర్... ర్ర్... ర్ర్...

గరాజ్ తలుపు పైకి లేస్తోంది!

గరాజ్ కెమెరా కనెక్ట్ అయి ఉన్నది ఛాయాదేవి ఫోన్‌కే. చూసిందన్నమాట. చూసి చెప్పిందన్నమాట!

పోలీసుల కోసం 911 నొక్కాలి. వేలు తొమ్మిది దాకా వెళ్లి... ఆగింది.

ఎందుకాగింది?

పోయిన నెల సంగతి. ఇంట్లో అలారం కుయ్‌మంటే ఇదే శేషగిరి బట్టల క్లాజెట్‌లో దూరి పట్టుచీరల వెనక దాక్కున్నాడు. అట్లకాడ పట్టుకుని కిందికి దిగింది ఛాయాదేవి. తీరా చూస్తే స్మోక్ అలారంలో బ్యాటరీ అయిపోయింది! ఆ కథ ఆవిడ, తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్‌లో చెప్పింది. పులిహోర పొలమారేలా నవ్వారు జనం.

"పట్టుదల ఉన్న మనిషివనుకున్నాం గురూ... పట్టుచీరల మనిషివా!" అన్నాడు పక్క వీధి ధర్మారావు.

అందరికంటే గట్టిగా నవ్వింది శేషగిరే. ఆ నవ్వు మాత్రం చేపముల్లులా గొంతులో ఉండిపోయింది.

ముల్లు దిగడానికి మొన్న శనివారం ఒక వస్తువు కొన్నాడు.

క్లాజెట్ తెరిచాడు. పట్టుచీరలు పక్కకి నెట్టాడు. వాటి వెనక, ఎయిర్‌పోర్ట్‌లో గుర్తు కోసం ఎర్ర రిబ్బన్ కట్టిన ఇండియా సూట్‌కేస్.

జిప్... ర్ర్...ర్రప్!

రైఫిల్!

నల్లగా. చల్లగా. చూపుకి బొమ్మ, చేతికి బండరాయి. గుప్పున కుట్టుమిషన్ నూనె వాసన. కొన్న రోజు శేషగిరికి మొదట నచ్చింది ఆ వాసనే. రెండోది... ఆ మడత! భుజానికి ఆనించుకునే మడమ భాగం ఉంటుందే, బటన్ నొక్కితే అది పక్కకి తిరిగి తుపాకీకి అతుక్కుపోతుంది. క్లిక్! మళ్లీ విప్పితే... క్లిక్! అలా మడిచాడు కాబట్టే సూట్‌కేస్‌లో పట్టింది. భార్య కంట పడలేదు.

షాపులో కౌంటర్ వెనక తెల్లజుట్టావిడ ఓపిగ్గా చెబుతూనే ఉంది. "హనీ, మేగజైన్ తీసేశాక కూడా..."

ఆ తరవాత ఏమందో శేషగిరి వినలేదు. క్లిక్... క్లిక్... మడత వింటున్నాడు.

కాపురం మొత్తమ్మీద ఒక్క దుప్పటి మడతపెట్టి ఎరగడు. ఆదివారమంతా తలుపేసుకుని తుపాకీ మడతపెట్టాడు! లుంగీలో. అద్దం ముందు. ఒక కన్ను మూసి. "హ్యాండ్సప్" అని తనకి తనే చెప్పుకుని... తనకి తనే చేతులెత్తబోయాడు.

ఆ సంగతి తలుచుకుంటే ఇప్పుడు కూడా చెవులు వేడెక్కాయి.

కింద... కిర్ర్!

గరాజ్‌లోంచి ఇంట్లోకి వచ్చే తలుపు!

గుళ్లుండే మేగజైన్ లోపలికి తోశాడు. పక్కనున్న పిడి వెనక్కి లాగి వదిలాడు.

ఖటక్!

గొట్టంలో గుండు. గొంతులో గుండె.

మడమ విప్పబోయాడు. బటన్ దొరకదు! ఆదివారం చూడకుండానే దొరికిన బటన్... ఇప్పుడు లేదు! మడమ తిప్పని వీరుల గురించి విన్నాం. వీడి తుపాకీకి మడమే విచ్చుకోదు!

సరే. మడిచిందే పట్టుకుని బయల్దేరాడు.

ఒక మెట్టు. ఇంకో మెట్టు. లైటు వెయ్యలేదు. వేస్తే దొంగకి తెలిసిపోతుంది. కాళ్లు వణుకుతున్నాయి. "చలికి" అని వాటికి సర్దిచెప్పాడు.

కింది అంతస్తు. గరాజ్ తలుపు ఓరగా తెరిచి ఉంది. చల్లగాలి చీరుకుంటూ వస్తోంది. తలుపు దగ్గర ఎప్పుడూ ఉండే పాదరక్షల కుప్ప. స్నో బూట్లు, షూస్, కూతురు నిధి ఎప్పుడో వదిలేసిన స్నీకర్స్... వాటి పక్కన, బుద్ధిగా, జంటగా... నీలం పట్టీల హవాయి చెప్పులు. అంచుల్లో మంచు కరుగుతోంది.

కళ్లు చూశాయి. బుర్రకి కబురందలేదు.

బేస్‌మెంట్ మెట్ల కింద... వెలుగు!

ఫోన్ టార్చ్. కదులుతోంది.

చర్ర్... చర్ర్... ప్లాస్టిక్ కవర్ల చప్పుడు.

వెతుకుతున్నాడు దొంగ! ఎక్కడ? రెండో ఫ్రిజ్‌లో! మనవాళ్ల బంగారం బ్యాంకులో కాదు, ఫ్రీజర్‌లో చింతపండు డబ్బాలో ఉంటుందని వీళ్లకి ఎవరు చెప్పారు?!

సగం మెట్ల మీద ఆగాడు.

నల్లకోటు. తలకి హుడ్. వీపు ఇటు. వంగి ఉంది మనిషి. చాలా దగ్గర. గురి చూడ్డం రానివాడికి కూడా తప్పదు.

పేలకుండా ఆపే సేఫ్టీ మీటని కిందికి నెట్టాడు. టిక్!

"ఫ్రీజ్!" అని అరవాలి. ఎదురుగా ఉన్నది ఫ్రిజ్. గొంతు ఎప్పుడో ఫ్రీజ్!

వేలు ట్రిగ్గర్ మీదికి వెళ్లింది.

నొక్కుతోంది...

ఫ్రిజ్ తలుపు ఇంకాస్త తెరుచుకుంది. లోపలి లైటు నేల మీద పడింది. దొంగ కాళ్ల మీద పడింది.

మేజోళ్లు.

బొటనవేలు విడిగా ఉండే గోధుమరంగు మేజోళ్లు. అంతే! బూట్లు లేవు!

దొంగతనానికొచ్చినవాడు... గుమ్మంలో చెప్పులు విప్పి వస్తాడా?!

ఆ నీలం హవాయి చెప్పులు అప్పుడు... అప్పుడు చేరాయి బుర్రలోకి.

వేలు నొక్కడం ఆపేసింది.

మనిషి తిరిగింది. టార్చ్ వెలుగు శేషగిరి మొహమ్మీద ఫెడేల్మని కొట్టింది.

"ఎవరూ... శేషూనా? అయ్యో, చప్పుడు చేశానా నాయనా? మీటింగ్ అయిపోయిందా?"

వసంతలక్ష్మి! ధర్మారావు వాళ్లమ్మ! ఆరు నెలలుండి వెళ్దామని తెనాలి నుంచి వచ్చిన పెద్దావిడ. ఒక చేతిలో ఫోన్. రెండో చేతిలో కూరగాయల కవరు.

"ప్... పిన్నిగారూ..."

"లైటు స్విచ్ ఎక్కడుందో కనపళ్లేదయ్యా. ఇదేంటీ, చేతిలో? కొత్త వాక్యూమా?"

చెప్పాలి. నిజం చెప్పాలి. ఒక్క క్షణం క్రితం ఏం చెయ్యబోయాడో చెప్పాలి.

"అ... అవును పిన్నిగారూ."

"మడత పెట్టుకునేదా? బావుంది. మా ధర్ముకి కూడా ఒకటి చెప్పు. అవునూ, గొట్టం మరీ ఇంత సన్నంగా ఉందేం? ఏం పీలుస్తుంది?"

ప్రాణాలు.

పైకి అనలేదు. గోడ పట్టుకుని మెట్టు మీద కూర్చుండిపోయాడు. సేఫ్టీ సంగతి గుర్తే రాలేదు.

"చెమటలేంటయ్యా, ఈ చలిలో? షుగర్ డౌనయిందేమో! పద, పైకి పద. మజ్జిగ తాగుదువుగాని."

అతని మోచెయ్యి పట్టుకుంది. తనని చంపబోయినవాణ్ని మెల్లిగా మెట్లెక్కించింది.

వంటింట్లో లైటు వెయ్యగానే గరాజ్ తలుపులోంచి ఇద్దరు ఒకరి వెనక ఒకరు వచ్చిపడ్డారు. అమ్మ ఎంతకీ రాలేదని కార్లోంచి ధర్మారావు. వెనకే సరుకుల సంచులతో ఛాయాదేవి.

సంచి జారింది. ఉల్లిపాయలు దొర్లాయి.

"ఏంటండీ అది?!"

"నువ్వే కదా ఫోన్ చేశావ్... దొంగొచ్చాడని... గరాజ్‌లోంచి..."

"దొంగా? దొండకాయలండీ! 'దొండకాయలొచ్చాయి స్టోర్‌కి. పిన్నిగారితో ముందే పంపేశాను. గరాజ్‌లోంచి లోపలికొచ్చి కింద బేస్‌మెంట్ ఫ్రిజ్‌లో పెడతారు. మీరు కదలకండి, మీటింగ్ చూసుకోండి' అన్నాను! చప్పుడు చెయ్యొద్దని ఆవిడకి కూడా నేనే చెప్పాను!"

ధర్మారావు పొట్ట ముందు కదిలింది. తరవాత నవ్వొచ్చింది.

"దొండకాయకి తుపాకీయా గురూ! మరి బెండకాయకి? బాంబా? సొరకాయొస్తే సబ్‌మెరైన్ దింపుతావా?"

శేషగిరి కూడా నవ్వబోయాడు. అలవాటు. గొంతులో ముల్లు అడ్డమొచ్చింది.

ఛాయాదేవి నవ్వడం లేదు.

"ఎప్పుడు కొన్నారు?"

"మొన్న... శనివారం."

"దోసెల పిండి తేవడానికెళ్తున్నానన్నారు."

శేషగిరి తుపాకీని వీపు వెనక్కి దాచబోయాడు.

"మన గరాజ్ కోడ్ ఈ కాలనీలో ఎవరికి తెలీదండీ? కరివేపాకు తెచ్చేవాళ్లొస్తారు. గిన్నెలు తిరిగిచ్చేవాళ్లొస్తారు. కోడ్ ఇచ్చింది మనమే. ముందు తలుపు తీసి ఎన్నాళ్లయింది? నిధి కాలేజీ నుంచి చెప్పాపెట్టకుండా ఊడిపడుతుంది. అదీ గరాజ్‌లోంచే వస్తుంది. చీకట్లోనే వస్తుంది. లైటు వెయ్యదు. మీ నిద్ర చెడుతుందని!"

ధర్మారావు నవ్వు ఆగిపోయింది. తల్లి వైపు చూశాడు. ఆ చూపులో నవ్వుకి బదులు ఇంకేదో ఉంది.

వసంతలక్ష్మికి అప్పటికి అర్థమైంది. కోటు గుండీలు మెల్లిగా పెట్టుకుంటోంది. కోప్పడలేదు. అరవలేదు.

"వాక్యూమన్నావు కదా నాయనా," అంది. అంతే.

శేషగిరికి భూమి చీలి లోపలికి పోతే బావుండుననిపించింది. కింద ఉన్నది బేస్‌మెంట్. అక్కడికి మళ్లీ వెళ్లే మొహం లేదు.

ఏదో ఒకటి చెయ్యాలి. ఈ మొహాల్లోంచి ఆ భయం తీసెయ్యాలి. తను మరీ అంత తెలివితక్కువవాడు కాదని... ఒక్కరైనా అనుకోవాలి!

"ఛాయా... ఏం భయం లేదు. చూడు. తీసేస్తున్నాను."

మేగజైన్ లాగాడు. వంటగట్టు మీద దొండకాయల పక్కన పెట్టాడు.

"అయిపోయింది. ఇంక ఇది ఉత్త ఇనపగొట్టం. అట్లకాడ నయం."

ఎవరూ నవ్వలేదు.

"నే వస్తానమ్మా," అంది వసంతలక్ష్మి. గరాజ్ తలుపు దగ్గరికి వెళ్లింది. ఒక చేత్తో గోడ పట్టుకుంది. కుడికాలు చెప్పులో పెట్టింది.

"ఉండండి పిన్నిగారూ!" ఛాయాదేవి దారికి అడ్డొచ్చింది. "బొట్టు పెట్టించుకోకుండా వెళ్తారా? ఇంత జరిగాక... బొట్టయినా పెట్టకుండా పంపనా?"

పెద్దావిడ ఆగింది. కాలు చెప్పులోంచి తీసింది. మేజోళ్లతో వెనక్కి వచ్చింది. ఛాయాదేవి కుంకుమ భరిణె తెచ్చి మూత తీసింది.

ధర్మారావు గొంతు తగ్గించాడు. "శేషూ. నిజంగా ఖాళీయేనా అది?"

"ఖాళీ కాక? మేగజైన్ అక్కడుంది కదరా!"

"నాకెందుకో..."

"నమ్మవా? ఇదుగో, చూడు!"

ఎవరి వైపూ తిప్పలేదు. అంత జ్ఞానం ఉంది. ఎవరూ లేని మూలకి తిప్పాడు. కిందికి. పాదరక్షల కుప్ప వైపు.

"హనీ, మేగజైన్ తీసేశాక కూడా..."

ఎక్కడిదీ గొంతు? ఎందుకిప్పుడు?

వేలు నొక్కింది.

ధడాల్‌ల్‌!!!

ఇల్లంతా తెల్లబోయింది. చెవుల్లో కుయ్‌మని ఒకటే మోత. నూనె వాసన మీద కాలిన వాసన.

శేషగిరి తలతిప్పాడు.

వసంతలక్ష్మి నుదుటి మీద... ఎర్రగా! కనుబొమ నుంచి కణత దాకా... ఎర్రగా!

"పిన్నిగారూ!!!"

ఆమె నిలబడే ఉంది. కళ్లార్పుతోంది. ఛాయాదేవి వేలు ఇంకా గాల్లోనే ఉంది. వేలి చివర కుంకుమ. ఉలిక్కిపాటుకి చెయ్యి జారి, బొట్టు కణత దాకా సాగిపోయింది.

రక్తం కాదు.

కుంకుమ!

శేషగిరి చేతిలోంచి తుపాకీని ధర్మారావు లాగేసుకున్నాడు.

మేడమీద లాప్‌టాప్‌లోంచి ఎవరో పిలుస్తున్నారు. "శేష్? ఆర్ యూ దేర్? యూ ఆర్ ఆన్ మ్యూట్!"

వసంతలక్ష్మి మెల్లిగా నడిచి తలుపు దగ్గరికి వెళ్లింది. వంగి చూసింది. ఎడమ చెప్పు ఉన్నచోటే ఉంది. కుడిది ఎగిరి గోడకి కొట్టుకుని బోర్లా పడింది. కాలితో తిరగేసింది.

బొటనవేలు ఆనేచోట... గుండ్రంగా చిల్లు. అంచులు ఇంకా పొగలు కక్కుతున్నాయి.

ఆమె చెప్పు వంక చూసింది. తన కాలి వంక చూసుకుంది. తరవాత శేషగిరి వంక చూసింది.

"ఇందాక ఈ కాలే నాయనా... దీంట్లో పెట్టింది."